నెల సరుకుల లెక్క: ఏది తగ్గించాలి, ఏది తగ్గించకూడదు

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలని అనుకోని కుటుంబం ఉండదు. అద్దె తగ్గించడం మన చేతిలో లేదు. కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, బస్సు ఛార్జీ కూడా అంతే. చివరికి చేయి పడేది సరుకుల మీదే. అయితే ఏ సరుకు మీద పడుతోంది?

ఉపాధ్యాయులుగా మేము రోజూ పిల్లల టిఫిన్ డబ్బాలు చూస్తుంటాం. నెల మొదటి వారంలో ఉడికించిన గుడ్డు ఉన్న డబ్బాలో మూడో వారానికి పచ్చడి మెతుకులే ఉంటాయి. అదే పిల్లవాడి చేతిలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ మాత్రం నెల పొడవునా ఉంటుంది. ఆ తల్లిదండ్రులకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఒక ట్రే గుడ్లకు ఒకేసారి రెండు వందలు తీయాలి, అది కంటికి కనిపిస్తుంది. ప్యాకెట్‌కు రోజూ ఇచ్చే ఐదు రూపాయలు ఎవరికీ కనిపించవు. చేతిలో డబ్బు తగ్గినప్పుడు కోత పడేది కనిపించే ఖర్చు మీదే.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది ఇదే. లెక్క రాయని ఇంట్లో పొదుపు తప్పు చోట మొదలవుతుంది. రాసిన ఇంట్లో పాలు, గుడ్లు, ఆకుకూరలు ముట్టుకోకుండానే ఖర్చు తగ్గించవచ్చు. ఎలాగో అంకెలతో చూద్దాం.

తిండి ఖర్చు ఎంత బరువు?

ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక నిపుణుడు 1857లో ఒక సంగతి గమనించి చెప్పాడు. ఆదాయం తక్కువయ్యే కొద్దీ, అందులో తిండికి పోయే వాటా పెరుగుతుంది. అంటే ధరలు పెరిగినప్పుడు పేద ఇంటికే ఎక్కువ దెబ్బ.

మన దేశంలో 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో కుటుంబ ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. ఇందులో ఇంకో సంగతి ఉంది. బియ్యం, గోధుమ వంటి ధాన్యాల వాటా పల్లెల్లో 5 శాతం, పట్టణాల్లో 4 శాతం లోపే. టీ, కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, చిరుతిళ్లు, బయట కొన్న తయారీ వంటకాల వాటా మాత్రం పల్లెల్లో దాదాపు 10 శాతం, పట్టణాల్లో 11 శాతం. బియ్యం ధర గురించి ఇంటింటా మాట్లాడుకుంటాం. దానికి రెట్టింపు ఖర్చవుతున్న దాని గురించి ఎవరం మాట్లాడుకోం.

కోత ఎవరి కంచం మీద పడుతోంది?

డబ్బు చాలని నెలలో ఇంట్లో ఆఖరున తినేది ఎవరో మనందరికీ తెలుసు. అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలిన పులుసుతో అమ్మ భోజనం ముగిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, తిండి వాటిలో ఒకటి. కాబట్టి సరుకుల ఖర్చు తగ్గించడం అంటే తల్లీబిడ్డల కంచాలను తేలిక చేయడం కాకూడదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కిలో కేలరీల భోజనానికి ఒక పళ్లెం లెక్క ఉంది. అందులో ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. నూనె, కొవ్వు పదార్థాలు 27 గ్రాములు. వీటిని పక్కన రాసి పెట్టుకుందాం. ఏది కాపాడుకోవాలో, ఏది తగ్గించినా నష్టం లేదో ఈ లెక్కే చెబుతుంది.

మొదటి నెల: రాయడం మాత్రమే

ఒక వంద పేజీల నోటు పుస్తకం చాలు. మన పెద్దలు దీన్నే చిట్టా అనేవారు. మొదటి నెల ఏదీ తగ్గించవద్దు, ఎవరినీ ఏమీ అనవద్దు. ఎప్పటిలాగే కొనండి, కొన్నది రాయండి. డాక్టరు మందు రాసే ముందు పరీక్ష చేయించినట్టే ఇది.

ప్రతి పద్దులో నాలుగు సంగతులు ఉండాలి: తారీఖు, వస్తువు, తూకం, ఇచ్చిన డబ్బు. “సరుకులు 640” అని రాస్తే అది లెక్క కాదు. “కందిపప్పు 1 కిలో, ఇంత” అని రాస్తేనే వచ్చే నెల పోల్చుకోగలం. కొట్టువాడు ఇచ్చిన చీటీ ఉంటే పుస్తకంలో అంటించినా చాలు. చదువు రాని పెద్దవాళ్లు కొనుక్కొస్తే రాత్రి పిల్లలు అడిగి రాయాలి. రోజుకు ఐదు నిమిషాల పని.

ఈ మధ్య చాలామంది ఫోన్‌తోనే డబ్బు చెల్లిస్తున్నారు. లెక్క అంతా ఫోన్‌లోనే ఉంటుందిలే అనుకుంటారు. ఫోన్‌లో ఉండేది ఎవరికి ఎంత పంపామన్నది మాత్రమే. ఆ 240 రూపాయలకు పప్పు వచ్చిందా, చాక్లెట్లు వచ్చాయా అన్నది ఉండదు. అది మన పుస్తకంలోనే ఉండాలి.

రేషన్ బియ్యం కూడా రాయాలి. ధర సున్నా, తూకం మాత్రం వేయాలి. ఆహార భద్రతా చట్టం కింద అర్హులైన కుటుంబాలకు కేంద్రం 2023 జనవరి నుంచి మనిషికి 5 కిలోల ధాన్యం ఉచితంగా ఇస్తోంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఐదుగురి ఇంటికి నెలకు 30 కిలోలు. కార్డు ఉండి కూడా ఆ బియ్యాన్ని కిలో పది పన్నెండుకు అమ్మేసి, బజారులో యాభైకి పైగా పెట్టి కొనే ఇళ్లు ఉన్నాయి. అలా అమ్మడం చట్ట విరుద్ధం. చిట్టాలో రాసి చూస్తే అది ఎంత నష్టపు బేరమో కూడా తెలుస్తుంది.

ఏడు గడులు

నెలాఖరున పద్దులన్నీ ఏడు గడులలోకి సర్దాలి. ఐదుగురున్న ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి సంపాదన, తల్లి కుట్టుపని కలిపి నెలకు 28,000 రూపాయలు. ఆ ఇంటి మొదటి నెల లెక్క ఇలా ఉందనుకుందాం:

1. బియ్యం, గోధుమపిండి, రవ్వ – 1,900
2. పప్పులు – 900
3. నూనె, మసాలాలు – 1,500
4. పాలు, గుడ్లు, మాంసం, చేపలు – 4,200
5. కూరగాయలు, పండ్లు – 2,300
6. టీ, బిస్కెట్లు, ప్యాకెట్ తిళ్లు, బయటి తిండి – 2,400
7. సబ్బులు, షాంపూ, ఇతర సామాన్లు – 800

మొత్తం 14,000. ఆదాయంలో సరిగ్గా సగం. ఈ పట్టిక లేకపోతే “నెలకు ఇంత ఖర్చా? రేపటి నుంచి పాలు అర లీటరు తగ్గించండి” అనే మాట వస్తుంది. నాలుగో గడి పెద్దది కాబట్టి చూపు ముందు అక్కడికే పోతుంది. పట్టిక ముందు పెట్టుకుంటే ఆరో గడి కూడా కనిపిస్తుంది. కూరగాయలు, పండ్ల కంటే అది ఎక్కువ. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

కిలోకు ఎంత?

ఆరో తరగతి పిల్లలకు మేము ఏకవస్తు పద్ధతి నేర్పుతాం. బజారులో అందరికీ పనికొచ్చే లెక్క అది. 250 గ్రాముల పప్పు ప్యాకెట్ 45 రూపాయలు, కిలో 160 రూపాయలు అనుకుందాం. చిన్న ప్యాకెట్ చేతికి తేలిగ్గా, ధర తక్కువగా అనిపిస్తుంది. నాలుగుతో గుణిస్తే కిలో 180 పడింది. ఇరవై రూపాయలు ఎక్కువ.

అలాగని పెద్దది ఎప్పుడూ చవక అనుకోకూడదు. షాంపూలో కొన్నిసార్లు సీసా కంటే చిన్న సాషేలే చవకగా పడతాయి. లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఈ లెక్క సులువు కావడానికే 2022 నుంచి ప్యాకెట్ల మీద గరిష్ఠ చిల్లర ధరతో పాటు యూనిట్ ధర కూడా ముద్రించాలన్న నిబంధన వచ్చింది. కిలో లోపు ప్యాకెట్ మీద గ్రాముకు ఎంతో, కిలో దాటితే కిలోకు ఎంతో ఉంటుంది. గ్రాముకు 0.18 అని ఉంటే కిలో 180 అన్నమాట. ఆ చిన్న అక్షరాలను పిల్లలతో చదివించండి.

తూకం కూడా చూడాలి. ఒక లీటరు పొద్దుతిరుగుడు నూనె దాదాపు 910 గ్రాములు ఉంటుంది. అదే సైజులో కనిపించే కొన్ని ప్యాకెట్ల మీద 870 అనో, 850 అనో ఉంటుంది. ధర ఐదు రూపాయలు తక్కువ కనిపించినా, నూనె 60 గ్రాములు తక్కువగా వస్తుంది. గరిష్ఠ ధర కంటే ఎక్కువ అడిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. గరిష్ఠ ధర కంటే తక్కువకు అమ్మే హక్కు మాత్రం దుకాణదారుకు ఎప్పుడూ ఉంది. కాబట్టి ముద్రించిన ధరే అసలు ధర అని అనుకోకుండా రెండు కొట్లలో అడిగి తీసుకోవాలి.

నూనె గిన్నె

పైన చెప్పిన 27 గ్రాముల లెక్కను ఇంటికి అన్వయించి చూద్దాం. ఐదుగురికి రోజుకు 135 గ్రాములు. 30 రోజులకు 4,050 గ్రాములు, అంటే దాదాపు నాలుగున్నర లీటర్లు. నెయ్యి, డాల్డా, వెన్న అన్నీ ఇందులోనే. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్లు అవుతున్నాయో చిట్టా చూసి చెప్పండి. ఆరో ఏడో అయితే, అదనపు నూనెకు ముందు కొట్లో, తర్వాత ఆసుపత్రిలో డబ్బు కడుతున్నట్టే.

నెలకు సరిపడా నూనె ఒకేసారి తెచ్చి, వారానికి ఇంత అని చిన్న సీసాలోకి వంచుకుని వాడే ఇళ్లలో తగ్గుదల త్వరగా కనిపిస్తుంది. సీసా శుక్రవారానికే ఖాళీ అయితే ఆ వారం వేపుళ్లు ఎక్కువైనట్టు వంట చేసేవారికే అర్థమవుతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు.

పారేసేది, మార్చి వండేది

చిట్టాలో ఒక మూల “పారేసినవి” అని గీత గీయండి. కుళ్లిన టమాటాలు, వడలిన కొత్తిమీర కట్ట, రాత్రి మిగిలి పాడైన అన్నం. రెండు వారాలు రాస్తే ఏ వస్తువు అవసరానికి మించి కొంటున్నామో తేలిపోతుంది. ఆకుకూరలు వారానికి ఒకసారి కాకుండా రెండుసార్లు కొద్దికొద్దిగా తెచ్చుకుంటే పారేసేది తగ్గుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతు బజార్లు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో నడుస్తున్నాయి. అక్కడ ధరల బోర్డు ఉంటుంది. కొనకపోయినా ఆ బోర్డు చూసి వస్తే వీధి బండి దగ్గర బేరం ఎంతవరకు ఆడవచ్చో తెలుస్తుంది. అలాగని ఎండలో బండి తోసుకొచ్చే మనిషి దగ్గర రెండు రూపాయల కోసం గంట వాదించడం మా పాఠంలో లేదు.

ధర పెరిగినప్పుడు వంట మార్చడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. పులుపు కోసం టమాటానే కొనాలని లేదు కదా. చింతపండు ఉంది, గోంగూర ఉంది, కాలాన్ని బట్టి మామిడికాయ, చింతచిగురు ఉన్నాయి. మన దాల్చా కూడా ఇలాంటి తెలివి వంటే. అర కిలో మాంసాన్ని శనగపప్పుతో, సొరకాయతో కలిపితే ఎనిమిది మందికి సరిపోతుంది. పప్పులోనూ బలం ఉంది కాబట్టి ఎవరికీ లోటు ఉండదు. మాంసం మానేయనక్కర్లేదు. వారంలో ఒక పూట కూరను దాల్చాగా మార్చినా నాలుగో గడి బరువు తగ్గుతుంది.

కొట్టులో ఖాతా

కిరాణా కొట్టులో అరువు చాలా ఇళ్లకు ఆసరా. జీతం ఆలస్యమైనా పొయ్యి వెలుగుతోందంటే ఆ దుకాణదారు నమ్మకం వల్లే. అయితే అరువు పుస్తకం ఒక్కటే, అదీ ఆయన దగ్గరే ఉంటుంది. మన దగ్గర ప్రతి ఉండదు. నెలాఖరున ఆయన చెప్పిన మొత్తమే మన అప్పు. తెచ్చిన ప్రతిసారీ మన చిట్టాలోనూ రాసుకుంటే ఇద్దరికీ మంచిది. తేడా వస్తే అనుమానం పెరగకముందే అక్కడికక్కడే సరిదిద్దుకోవచ్చు.

అరువులో ఇంకో ఇబ్బంది ఉంది. బాకీ ఉన్నవాళ్లు ధర అడగడానికి మొహమాటపడతారు, వేరే కొట్టుకు వెళ్లడానికీ వెనకాడతారు. అందుకే మొదట మిగిలే డబ్బుతో చేయాల్సిన పని పాత బాకీ తీర్చడం. బాకీ తీరాక అదే కొట్టులో నగదుతో కొనండి. అప్పుడు ధర అడగడానికి నోరు వస్తుంది.

ఫోన్‌లో ఆర్డర్ పెడితే పది నిమిషాల్లో తెచ్చిచ్చే సదుపాయం పట్టణాల్లో వచ్చింది. అవసరానికి మంచిదే. అయితే డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి ఇంకో రెండు వస్తువులు కలిపి కొంటే, ఆ రెండూ ఎక్కువగా ఆరో గడిలోకే చేరతాయి. ఆ ఛార్జీలనూ చిట్టాలో విడిగా రాయండి.

రంజాన్‌కు వేరే పేజీ

మన ఇళ్లలో ఒక నెల లెక్క మిగతా నెలలతో పోలదు. ఖర్జూరాలు, పండ్లు, సహరీకి పాలు పెరుగు, ఇఫ్తార్‌కు వేపుళ్లు, వచ్చేపోయే బంధువులు, పండుగ నాటి షీర్ ఖుర్మాకు సేమ్యా, జీడిపప్పు, చిరోంజి. ఈ ఖర్చును మామూలు పేజీలో కలిపేస్తే లెక్క తప్పుదారి పడుతుంది. కిందటి ఏడాది మార్చితో ఈ ఏడాది మార్చిని పోల్చడం కూడా కుదరదు. చాంద్రమాన నెల ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. మన దేశంలో మొదటి రోజా 2023లో మార్చి 24న వస్తే, 2025లో మార్చి 2నే వచ్చింది. అందుకే రంజాన్‌ను రంజాన్‌తోనే పోల్చాలి.

దీనికి ఒక పద్ధతి ఉంది. పండుగకు నాలుగు నెలల ముందు నుంచి నెలకు కొంత పక్కన పెట్టడం. కిందటి రంజాన్‌లో అదనంగా 4,000 అయిందనుకుందాం. నాలుగు నెలలు వెయ్యి చొప్పున తీస్తే అప్పు అవసరం రాదు. ఆ నెలలో పండ్లు, పాలు తగ్గించవద్దు. నూనె సీసా, బయటి నుంచి తెచ్చే వేపుళ్లు, ఇఫ్తార్ తర్వాత దస్తర్‌ఖాన్ మీద మిగిలిపోయే పళ్లాలు, వీటిని చూడండి. రోజంతా ఉపవాసం ఉన్నవారికి ఆకలి మీద కొన్నదంతా తినగలమనిపిస్తుంది. అందుకే చీటీ పగలే రాసుకుని, చీటీలో ఉన్నదే తేవాలి.

రెండో నెల: ఎక్కడ ఎంత?

మన ఊహా కుటుంబం దగ్గరికి మళ్లీ వద్దాం. ఆరో గడిలో 2,400ను 1,500కు తెచ్చారు. పిల్లలకు రోజూ డబ్బులివ్వడం మాని, వారానికి ఒకసారి ఇంట్లో అటుకులు, పల్లీలు, పుట్నాలు కలిపి డబ్బాలో పెట్టారు. మిగిలింది 900. నూనె, మసాలాలలో 300. కిలో ధర చూసి కొనడంతో బియ్యం, పప్పులలో 150. పారేసేది తగ్గి కూరగాయల్లో 200. సబ్బులలో 50. మొత్తం 1,600.

ఇందులో 200తో నెలకు అదనంగా ఒక ట్రే గుడ్లు కొన్నారు. పాలు ముట్టుకోలేదు. నికరంగా తగ్గింది 1,400. సరుకుల ఖర్చు 14,000 నుంచి 12,600కు దిగింది, అంటే ఆదాయంలో 50 శాతం నుంచి 45 శాతానికి. ఏడాదికి 16,800 రూపాయలు. ఒక అమ్మాయి ఇంటర్మీడియట్ పుస్తకాలకు, పరీక్ష ఫీజుకు, బస్ పాస్‌కు అది పెద్ద మొత్తమే. “ఈ ఏడాదికి చదువు ఆపుదాం” అనే మాట చాలా ఇళ్లలో ఇంతకంటే చిన్న మొత్తాల దగ్గరే వస్తుందని బడిలో ఉన్నవారికి తెలుసు.

మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. ఇప్పటికే బియ్యం, పప్పు, పాలతోనే సరిపెట్టుకుంటున్న ఇంట్లో తగ్గించడానికి ఏమీ ఉండకపోవచ్చు. అప్పుడు కూడా చిట్టా అవసరమే. సమస్య దుబారాలో లేదని, ఆదాయంలో ఉందని అదే చెబుతుంది. అలాంటి ఇల్లాలిని “పొదుపు తెలియదు” అనే హక్కు ఎవరికీ లేదు.

చిట్టా ఎవరి చేతిలో?

ఈ పుస్తకం ఇల్లాలిని నిలదీయడానికి కాదు. భర్త తాగే టీలు, సిగరెట్టు, స్నేహితులతో బిర్యానీ కూడా అందులో ఉండాలి. అవి లేని చిట్టా సగం చిట్టా. నెలకు ఒక సాయంత్రం అందరూ కూర్చుని చదవాలి. ముందు ఏది తగ్గిందో చెప్పుకోవాలి. ఒక నెలకు ఒక్క గడి మాత్రమే మార్చుకోవాలి. ఏడూ ఒకేసారి మారిస్తే రెండో వారానికే పుస్తకం మూలన పడుతుంది. మొత్తాలు కూడే పని పిల్లలకివ్వండి. ఇంట్లో డబ్బు ఎలా వస్తుందో, ఎలా పోతుందో తెలిసిన పిల్లలు కొట్టు ముందు మారాం చేయడం తగ్గుతుంది.

అభ్యాసం

పిల్లలతో కలిసి చేయండి.

1. కందిపప్పు అర కిలో ప్యాకెట్ 85 రూపాయలు, కిలో ప్యాకెట్ 162 రూపాయలు. నెలకు 3 కిలోలు వాడే ఇంటికి ఏది చవక? ఎంత మిగులుతుంది?
2. ఒక ఇంటి ఆదాయం 22,000, సరుకుల ఖర్చు 9,900. ఆదాయంలో ఎంత శాతం?
3. ఇద్దరు పిల్లలు 25 బడి రోజులు తలా పది రూపాయల ప్యాకెట్ కొన్నారు. 30 గుడ్ల ట్రే 200 రూపాయలైతే, ఆ డబ్బుకు ఎన్ని గుడ్లు వస్తాయి?
4. కిందటి నెల మీ ఇంట్లో ఏడు గడులలో ఏది పెద్దది? ఏది తగ్గించవచ్చు? ఏది పెంచాలి?

జవాబులు: 1) కిలో ప్యాకెట్, 24 రూపాయలు. 2) 45 శాతం. 3) 75 గుడ్లు. నాలుగో ప్రశ్నకు జవాబు కోసం వచ్చే ఒకటో తారీఖున పుస్తకం మొదలుపెట్టండి. ముప్పై రోజుల్లో తెలుస్తుంది.